పుట్టు కథోలికులకు మళ్లీ మిషనరీలు ఎందుకు? అమెరికాకు వలస వెళ్లిన ఇటాలియన్ల సంగతి

మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్పుకుంటే ఇది: పోపుగారు ఉండే దేశం నుంచే వెళ్లారు, పుట్టుకతోనే కథోలికులు. అలాంటి ఇటాలియన్ల మధ్యకు మళ్లీ మిషనరీలను ఎందుకు పంపారు? అమెరికాలో అప్పటికే కథోలిక గుడులు ఉన్నాయి కదా, వాటిలో కలిసిపోతే సరిపోయేది కాదా?

సూటిగా జవాబు: మతం మార్చడానికి కాదు, ఉన్న మతం చేజారకుండా పట్టుకోవడానికి పంపారు. అక్కడి గుడులు కథోలికవే. కానీ చాలావరకు అవి ఐరిష్ వారివి. భాష వేరు, అలవాట్లు వేరు, కానుకల లెక్క వేరు. అయితే ఇది సగం జవాబే. మిషనరీలు వచ్చేదాకా ఆ జనం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. తమ ఊరి మాతను (ఏసు తల్లి మరియను), తమ ఊరి పునీతుణ్ణి (సెయింటును) తామే వెంట తెచ్చుకున్నారు. ఆ భక్తి వెనక నడిచిన గురువు, అంటే గుడిలో పూజ జరిపే ఫాదర్, నిలదొక్కుకున్నాడు. దాన్ని చూసి ముక్కు విరిచినవాడి గుడిలో బల్లలు ఖాళీగా మిగిలాయి. చదివిన దానికంటే పాత రిజిస్టర్లు తిరగేసిన అనుభవంతో ఈ మాట అంటున్నాను.

నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. కృష్ణా జిల్లాలో పుట్టాను. న్యూజెర్సీలో ఒక పబ్లిక్ లైబ్రరీలో, స్థానిక చరిత్ర విభాగంలో ఇరవై రెండేళ్లు పనిచేసి రిటైరయ్యాను. తాతముత్తాతలు ఇటలీ నుంచి వచ్చారని, ఆ ఆధారంతో ఇటలీ పౌరసత్వానికి దరఖాస్తు చేసుకుంటామని వచ్చేవాళ్లకు జ్ఞానస్నానం రికార్డులు వెతికిపెట్టడం నా పనిలో పెద్ద భాగం. కథోలిక కుటుంబంలో పుట్టినదాన్ని కాబట్టి విచారణ (ఒక గుడి కిందికి వచ్చే భక్తుల సముదాయం, ఇంగ్లీషులో పారిష్), జ్ఞానతల్లి, జ్ఞానతండ్రి (జ్ఞానస్నానం నాడు బిడ్డకు బాధ్యత తీసుకునేవాళ్లు) వంటి మాటలు చిన్నప్పటి నుంచి తెలిసినవే. లాటిన్ మాత్రం అక్కడికి వెళ్లాకే నేర్చుకున్నాను.

ముందు సంఖ్య సంగతి. 1880కీ 1920కీ మధ్య అమెరికాకు నలభై లక్షల మందికి పైగా ఇటాలియన్లు వచ్చారు. ఎక్కువమంది దక్షిణ ఇటలీ, సిసిలీల నుంచి వచ్చిన కూలీలు, చిన్న రైతులు. బ్రెజిల్, అర్జెంటీనాలకు వెళ్లినవాళ్లు వేరే. ఇంత జనం కదిలితే వాళ్లతో వచ్చిన గురువులు మాత్రం అతి కొద్దిమంది. ఐరిష్ వాళ్లు వలస వచ్చినప్పుడు వాళ్ల గురువులూ వెంట వచ్చారు. పోలండు వాళ్ల సంగతీ దాదాపు అంతే. ఇటాలియన్లకు ఆ భాగ్యం లేదు.

దానికి తోడు ఇటలీ రాజకీయం. 1870లో ఇటలీ సైన్యం రోమును పట్టుకుంది. పోపు వాటికన్ గోడల వెనక బందీనని ప్రకటించుకున్నారు. దేశమంటే ఒక పక్షం, చర్చి అంటే ఇంకో పక్షం అయిపోయాయి. అసలు దక్షిణాదిలో గుడి అంటే భూస్వాముల పక్కన నిలబడే సంస్థ అన్న అనుమానం ముందు నుంచే ఉంది. మగవాళ్లు బలిపూజకు (గుడిలో జరిగే మాస్‌కు) ఆడవాళ్లను పంపి తాము బయట అరుగు మీద కబుర్లు చెప్పుకునేవారు. పెళ్లికీ చావుకీ జ్ఞానస్నానానికీ గుడి కావాలి, గురువు మాట మాత్రం అక్కర్లేదు. ఇంకొకటి: వాళ్ల ఊళ్లలో గుడి ఖర్చు పాత మాన్యాల మీద, ప్రభుత్వ డబ్బు మీద నడిచేది. న్యూయార్కులో గుడి తలుపు దగ్గరే చిల్లర వసూలు చేసేవారు. దేవుడి గుమ్మం దగ్గర టికెట్టా అని తెల్లబోయారు. ఐరిష్ గురువుల వైపు నుంచి చూస్తే అదీ అన్యాయం కాదు. వాళ్ల గుడులన్నీ పేద కూలీలు, పనిమనుషులు పైసా పైసా పోగేసి కట్టుకున్నవి. కానుక వేయని కథోలికుడు వాళ్లకు అర్థం కాలేదు.

ఇక్కడ నేల కింద గది గురించి కాస్త ఆగి చెప్పాలి. న్యూయార్కు తూర్పు హార్లెంలో 115వ వీధిలో కార్మెలు మాత గుడి ఉంది. సలేర్నో ప్రాంతంలోని పొల్లా అనే ఊరి నుంచి వచ్చినవాళ్లు 1881లో అక్కడ తమ ఊరి మాత పండుగ మొదలుపెట్టారు. అప్పటికి గుడి లేదు, గురువు లేడు. 1884లో పల్లొట్టి సభ అనే కథోలిక గురువుల సంఘం ఆధ్వర్యంలో గుడి లేచింది. దాన్ని కట్టడానికి ఇటాలియన్లు పగలు కూలికి వెళ్లి వచ్చి రాత్రిపూట చేతులు వేశారు. గుడి పూర్తయ్యాక వాళ్లకు దక్కింది కింద గది. పైన ఐరిష్, జర్మన్ భక్తులు, కింద ఇటాలియన్లు. మాత స్వరూపం (విగ్రహం) పైగుడిలోకి చేరింది 1923లో. దాదాపు నలభై ఏళ్లు! న్యూయార్కులో ఇదొక్కటే కాదు, ఇలా కింద గదుల్లో బలిపూజ జరిగిన గుడులు ఇంకా ఉన్నాయి. అప్పటి పీఠాధిపతుల (బిషప్పుల) ఉత్తరాల్లో ఈ మొత్తం వ్యవహారానికి ఒక పేరుండేది: 'ఇటాలియన్ సమస్య'. సమస్య ఎవరిది అని వాళ్లు ఎప్పుడూ అడగలేదు.

మీరు తెలుగువారు కాబట్టి ఒక పోలిక చెబుతాను. గుణదల మాత తిరునాళ్లు చూసే ఉంటారు. తలనీలాలు, కొబ్బరికాయలు, కొండ మీదికి కాలినడక. అక్కడ 1924లో మాత స్వరూపాన్ని నిలిపిన ఫాదర్ ఆర్లాటి ఇటలీ నుంచి వచ్చిన మిషనరీయే. మన జనం తమ పద్ధతిలో మొక్కుకుంటుంటే అక్కడి గురువులు తలుపులు మూయలేదు. సరిగ్గా అలాంటి ఊరేగింపే, స్వరూపానికి నోట్లు గుచ్చడం, బాణసంచా, చెప్పులు లేకుండా నడవడం, అమెరికాలో ఐరిష్ గురువులకు మూఢనమ్మకంగా కనబడింది. ప్రొటెస్టంటు ఇరుగుపొరుగు ముందు పరువు పోతుందని భయపడ్డారు.

ఇక మిషనరీలు. ఈ కథలో ముఖ్యుడు జొవాన్ని బత్తిస్తా స్కలాబ్రీని, పియాచెంజా పీఠాధిపతి. మిలాను రైల్వే స్టేషనులో ఒకరోజు ఆయన చూసిన దృశ్యాన్ని 1887లో ఒక చిన్న పుస్తకంలో రాశారు. వెయిటింగ్ హాలులోనూ బయట వసారాల్లోనూ మూడు నాలుగు వందల మంది, చిరిగిన బట్టలు, ముసలివాళ్లు, చంటిపిల్లలు, అందరూ ఓడ ఎక్కడానికి బయలుదేరినవాళ్లు. అదే పుస్తకంలో దక్షిణ అమెరికా నుంచి ఒక వలస కూలీ పంపిన మాటా ఉంది: ఇక్కడ పశువుల్లా బతుకుతున్నాం, గురువు లేడు, పంతులు లేడు, వైద్యుడు లేడు, అలాగే చచ్చిపోతున్నాం అని. ఆ వరసలో గురువు పక్కనే పంతులూ వైద్యుడూ ఉన్నారని గమనించండి. స్కలాబ్రీని గమనించారు. ఓడ టికెట్ల దళారులను ఆయన నరమాంస వ్యాపారులు అని తిట్టారు, చట్టం కావాలని రాజకీయులతో వాదించారు.

1887 నవంబరు 28న ఆయన వలసదారుల కోసం ఒక గురువుల సభ స్థాపించారు. మరుసటి ఏడు జూలైలో తొలి పది మంది బయలుదేరారు, కొందరు న్యూయార్కుకు, కొందరు బ్రెజిలుకు. 1889లో పునీత రఫాయేలు పేరుతో గృహస్థుల సంఘం పెట్టారు. జెనోవా రేవులోనూ న్యూయార్కు రేవులోనూ ఓడ దిగే, ఎక్కే జనాన్ని దళారుల చేతిలో పడకుండా చూడటం దాని పని. మధ్యలో 1888 డిసెంబరు 10న పోపు పదమూడవ లియో అమెరికా పీఠాధిపతులకు ఇటాలియన్ వలసదారుల దుస్థితి గురించే ప్రత్యేకంగా లేఖ రాశారు.

మనవాళ్లకు నచ్చే చిన్న సంగతి ఒకటుంది. కుర్ర గురువుగా ఉన్నప్పుడు స్కలాబ్రీని తూర్పు దేశాలకు మిషనరీగా వెళ్లాలనుకున్నారు. ఆ ఉద్దేశంతో మిలానులోని విదేశీ మిషన్ల సంస్థలో చేరబోతే, కోమో పీఠాధిపతి 'నీ ఇండియా ఇక్కడే, ఇటలీలోనే ఉంది' అని ఆపేశారు. 1855 నుంచి మన హైదరాబాదు ప్రాంతానికి, ఆ తర్వాత కృష్ణా తీరానికి గురువులను పంపింది ఆ మిలాను సంస్థే. ఆ పీఠాధిపతి అడ్డుపడకపోతే ఆయన మన జిల్లాల్లో ఎడ్లబండి మీద తిరిగే గురువు అయ్యేవారేమో.

రెండో పేరు మీరు వినే ఉంటారు, ఇటలీ సన్యాసిని మదర్ కాబ్రీని. ఆవిడకూ తూర్పు మీదే మనసు. చైనా వెళ్లాలని కలలు కన్నారు, సభలో చేరాక తన పేరుకు తూర్పు దేశాల్లో మిషనరీగా తిరిగిన ఫ్రాన్సిస్ జేవియర్ పేరు కలుపుకున్నారు. లియో పోపు 'తూర్పుకు కాదు, పడమటికి' అన్నారు. 1889 మార్చి 31న ఆరుగురు సిస్టర్లతో న్యూయార్కులో దిగారు. దిగాక తెలిసింది, వాళ్లకు ఇల్లు సిద్ధంగా లేదని. ఆర్చిబిషప్ కొరిగన్ తిరిగి ఇటలీ వెళ్లిపొమ్మన్నారు. పోపుగారు పంపారు, వెళ్లను అన్నారావిడ. స్కలాబ్రీని సభవారు నడిపే జువాకీం గుడిలో పిల్లలకు చదువు చెప్పడంతో పని మొదలైంది. ఆ తర్వాత అనాథాశ్రమాలు, బడులు, ఆసుపత్రులు. 1917లో షికాగోలో చనిపోయే నాటికి అరవై ఏడు సంస్థలు నిలబెట్టారని లెక్క. 1909లో అమెరికా పౌరసత్వం తీసుకున్నారు. 1946లో పునీతురాలయ్యారు, అమెరికా పౌరుల్లో తొలి పునీతురాలు. ఆవిడ జీవితంలో నాకు నచ్చేది భక్తి కంటే లెక్కల పుస్తకం. న్యూయార్కులోని కొలంబస్ ఆసుపత్రి మగ గురువుల చేతిలో అప్పుల పాలైనప్పుడు, 1892లో ఆవిడ తన చేతుల మీద కొత్తగా నిలబెట్టారు. కాంట్రాక్టర్లతో బేరం, స్థలం కొలతలు, అన్నీ సొంతంగా చూసుకునేవారట.

బ్రెజిలు కథ ఒకటి చెప్పకుండా ఉండలేను. ఫాదర్ జుసెప్పె మర్చెత్తి స్కలాబ్రీని సభ గురువు, కుర్రవాడు, వలస ఓడల్లో గురువుగా వెళ్లేవాడు. ఒక ప్రయాణంలో ఓడలోనే ఒక తల్లి చనిపోయింది. చంకలో పసిబిడ్డతో మిగిలిన భర్త నిరాశతో కుమిలిపోతుంటే, బిడ్డ బాధ్యత నాది అని ఈయన మాట ఇచ్చేశాడు. ఇచ్చాక ఏం చేయాలో తెలియదు. రియోలో బిడ్డను ఎత్తుకుని గుమ్మం గుమ్మం తిరిగాడు. ఆ మాట మీదే 1895లో సావో పావులోలో అనాథాశ్రమం లేచింది. పిల్లలను చూసుకోవడానికి ఇటలీ వెళ్లి కన్నతల్లినీ చెల్లెలు అసుంతనూ తీసుకొచ్చాడు. మరుసటి ఏడు డిసెంబరులో టైఫస్‌తో చనిపోయాడు, ఇరవై ఏడేళ్లకే. అసుంత మాత్రం నిలబడింది. స్కలాబ్రీని సిస్టర్ల సభ మొదలైంది ఆవిడతోనూ మరికొందరితోనూ.

దక్షిణ బ్రెజిలు కొండల్లో మరీ విచిత్రం. 1875 నుంచి అక్కడ స్థిరపడ్డ వెనెతో (ఉత్తర ఇటలీ ప్రాంతం) రైతులకు ఏళ్ల తరబడి గురువు దొరకలేదు. తామే చెక్కతో చిన్న గుడులు కట్టుకుని, జపం బాగా చెప్పగలిగిన ఒక రైతును ముందు నిలబెట్టి ఆదివారాలు గడిపారు. తర్వాత వచ్చిన కపూచిన్ సభ గురువులు ఫ్రాన్సు నుంచి వచ్చినవాళ్లు, వాళ్లే వెనెతో యాస నేర్చుకోవలసి వచ్చింది. అర్జెంటీనాలో డాన్ బోస్కో స్థాపించిన సలేషియన్ సభవారు 1875లోనే దిగారు. పటగోనియా ఆదివాసుల కోసమని వెళ్లినవాళ్లకు మొదట బువేనోస్ ఐరెస్‌లోని ఇటాలియన్లే పని పెట్టారు.

మీ రెండో సందేహం: ఐరిష్ గుడుల్లో కలిసిపోతే సరిపోయేది కాదా? కాలేదు, అందుకే భాషను బట్టి ఏర్పడే విచారణలు వచ్చాయి. మామూలు విచారణకు వీధుల హద్దులుంటాయి. ఈ భాషా విచారణకు హద్దు లేదు, ఆ భాషవాళ్లు ఎక్కడున్నా దానికే చెందుతారు. ఫిలడెల్ఫియాలో 1852లోనే ఇటాలియన్ల కోసం అలాంటిది ఏర్పడింది. దీని వల్ల నేను పడ్డ పాట్లు చెబుతాను. ఉద్యోగం కొత్తలో ఒకావిడ తన తాత రికార్డు కోసం వస్తే, ఇంటికి దగ్గర్లోని గుడికే ఉత్తరం రాయమని చెప్పాను. లేదని జవాబు. మళ్లీ రాయించాను. నాలుగు నెలలు వృథా. ఆ ఇంటికి ఎదురుగా ఉన్నది ఐరిష్ గుడి. తాతకు జ్ఞానస్నానం జరిగింది ఊరి అవతలి ఇటాలియన్ గుడిలో. బిడ్డను ఎత్తుకుని మంచులో అంత దూరం నడిచారన్నమాట. అప్పటి నుంచి నా మొదటి ప్రశ్న ఇల్లు ఎక్కడ అని కాదు, ఏ ఊరివాళ్లు అని.

రిజిస్టర్లు ఇంకో సంగతీ చెబుతాయి. ఐరిష్ గురువు రాసిన పేజీలో ఇంటిపేర్లు ముక్కలు ముక్కలుగా ఉంటాయి, చెవికి ఎలా వినబడితే అలా. ఇటాలియన్ గురువు వచ్చిన పేజీ నుంచి అక్షరాలు సరిపోతాయి, తల్లి పుట్టింటి పేరు, ఇటలీలోని సొంత ఊరి పేరు కూడా చేరతాయి. పేరు సరిగ్గా రాయడం కూడా మిషన్ పనే అని నేను అనుకుంటాను. బిడ్డల వయసు చూస్తే మరొకటి తెలుస్తుంది. పుట్టిన వారానికే జ్ఞానస్నానం చేయించాలని గురువులు పోరుతుంటే, వీళ్లు నెలల తరబడి ఆగేవాళ్లు, ఒక్కోసారి ఏడాదికి పైగా. జ్ఞానతండ్రి కావలసినవాడు ఓడ దిగాలి, విందుకు డబ్బు కూడాలి. గురువుకు అది నిర్లక్ష్యం. వాళ్లకు అది చుట్టరికం.

ఒక పెద్దాయన నా బల్ల ముందు కూర్చుని 'మా తాత జన్మలో గుడి మెట్టు ఎక్కలేదు, మీరు వెతకడం దండగ' అన్నారు. వెతికితే ఆ తాత పేరు మూడుచోట్ల దొరికింది, రెండుసార్లు జ్ఞానతండ్రిగా, ఒకసారి ఊరేగింపులో స్వరూపం మోసే సంఘం చందా పుస్తకంలో. ఆదివారం బలిపూజకు రానివాడు జూలై ఎండలో మాతను భుజాన మోశాడు. ఇలాంటివాళ్లను భక్తిలేనివాళ్లు అని రాసిన పాత నివేదికలను నేను అందుకే నమ్మను.

అన్నీ విజయాలే అనుకోకండి. బోస్టను నార్త్ ఎండ్‌లో కొందరు ఇటాలియన్లు 1880లలో పాత నావికుల ప్రార్థనాలయాన్ని సొంత డబ్బుతో కొన్నారు. ఆస్తి తన పేర రాస్తేనే గురువును పంపుతానన్నారు ఆర్చిబిషప్. మేం కొన్నది మాదే అన్నారు వీళ్లు. తలుపులు ఏళ్ల తరబడి మూసే ఉన్నాయి. స్కలాబ్రీని గురువులు మధ్యలో కూర్చున్నాక గానీ ముడి వీడలేదు. ఫిలడెల్ఫియాలో 1933లో ఒక ఇటాలియన్ విచారణను మూసేస్తే జనం గుడిని ఆక్రమించి లోపలే కూర్చున్నారు. ప్రొటెస్టంటు మిషన్ల పోటీ కూడా తక్కువేమీ కాదు. ఇంగ్లీషు పాఠాలు, కుట్టుపని, పాలు, మందులు వాళ్లు ముందే ఇచ్చారు. షికాగోలో 1907లో ఇటాలియన్లలోనే పెంతెకొస్తు సంఘం పుట్టింది. దాని నాయకుల్లో ఒకరైన లూయీజి ఫ్రాంచెస్కొన్ 1910లో బ్రెజిలు వెళ్లి మొదలుపెట్టిన సంఘం ఇప్పుడు లక్షల మందితో నడుస్తోంది. చేజారకుండా పట్టుకోవడానికి అని మొదట అన్నానే, చేజారినవాళ్లూ ఉన్నారు మరి.

ఊరి కష్టంలో గురువు ఎక్కడున్నాడు అన్నదే నా దృష్టిలో అసలు కొలత. 1911 మార్చి 25న న్యూయార్కులో ట్రయాంగిల్ చొక్కాల ఫ్యాక్టరీ తగలబడి 146 మంది చనిపోయారు. ఎక్కువమంది యూదు, ఇటాలియన్ అమ్మాయిలు. దగ్గర్లోని పొంపేయి మాత గుడి స్కలాబ్రీని సభది. అక్కడి విచారణ గురువు ఆంతోనియో దేమో, చనిపోయినవాళ్లలో ఆయన విచారణ పిల్లలు ఉన్నారు. అంత్యక్రియలు, కుటుంబాల పరామర్శ, ఆ పనులతో ఆయన పేరు ఆ పేటలో స్థిరపడింది. ఆ గుడి ఎదుట ఉన్న చిన్న కూడలికి ఇప్పటికీ ఆయన పేరే.

చివరగా, ఈ పని ఇటాలియన్లతోనే ఆగిపోయిందా అని కూడా ఒక మాట అడిగారు. లేదు. స్కలాబ్రీని 1905 మేలో, చనిపోవడానికి కొన్ని వారాల ముందు, అన్ని దేశాల వలసదారుల కోసం రోములో ఒక కార్యాలయం ఉండాలని పదవ పియస్ పోపుకు రాశారు. 1912లో వలసదారుల కోసం ఒక విభాగం ఏర్పడింది. 1952లో పన్నెండవ పియస్ వలసదారుల మీద సమగ్ర శాసనం వెలువరించారు. స్కలాబ్రీని సభ 1960లలో తన నియమాన్ని మార్చుకుని అన్ని జాతుల వలసదారులకూ తలుపు తెరిచింది. ఆయన 2022 అక్టోబరు 9న పునీతుడయ్యారు. అదే రోజు ఆర్తేమిదె జాత్తి కూడా. ఈయన 1897లో కుటుంబంతో అర్జెంటీనాకు వలస వెళ్లిన కూలీ కుర్రాడు, అక్కడ సలేషియన్ బ్రదరై ఆసుపత్రిలో రోగుల సేవలో జీవితం గడిపాడు.

115వ వీధి గుడికి నేను చివరిసారి రిటైరైన ఏడాది జూలై 16న వెళ్లాను. ఇటాలియన్ కుటుంబాలు ఎప్పుడో శివార్లకు వెళ్లిపోయాయి, పండుగనాడు పెద్దవాళ్లు కొందరు వస్తారు. బల్లల నిండా ఉన్నది హైతీ నుంచి వచ్చినవాళ్లు. మాత ముందు క్రియోల్ భాషలో పాడుతున్నారు, పైగుడిలోనే.